వీడియో ఆటలో కన్నపు దొంగ – వ్రేలిముద్ర సాక్ష్యము

నేరపరిశోధన అనగానే వెనుకటి తరమువారికి డిటెక్టివు నవల స్ఫురించెడిది. నేటి విద్యార్థికి స్ఫురించునది వీడియో ఆట. అమెరికాలో 2000లో ప్రారంభమైన సి.ఎస్.ఐ. అను టెలివిజను ధారావాహికను అనుసరించి 2003లో యూబిసాఫ్ట్ సంస్థ ఒక ఆటను వెలువరించినది. ఆ కోవలో పిమ్మట మరికొన్ని వచ్చినవి. వీనిలో ఒక దొంగతనపు కేసును ఛేదించు విధానము ఇంచుమించు ఒక్కటే. ఆడువారు నేరస్థలమునకు పోయి, బీరువా తలుపు మీదనో, పగిలిన అద్దము మీదనో కుంచెతో పొడి చల్లుదురు. ముద్ర పైకి తేలును. దానిని అంటుపట్టీతో ఎత్తి, ప్రయోగశాలలోని కంప్యూటరునకు అందింతురు. తెర మీద ముద్రలు గిరగిర తిరిగి, ఒకచోట ఆగి, ఒక పేరు ప్రత్యక్షమగును. దొంగ దొరికినట్లే.

ఈ ఆటలయందు కన్నపు దొంగలకన్న హంతకులకే గౌరవము హెచ్చు. 1947 నాటి లాస్ ఏంజలస్ నగరమును చిత్రించిన ఎల్.ఏ. నోయర్ అను ప్రసిద్ధమైన ఆటలో (2011) దొంగతనముల విభాగము కూడ ఉండవలసినదే గాని, స్థలము చాలక దానిని తొలగించితిమని నిర్మాతలు చెప్పియున్నారు. మాకు ఇది కొంత విచారము కలిగించినది. ఏలయన, మన దేశమునను బ్రిటనులోను వ్రేలిముద్రల శాస్త్రము తన పరువును నిలుపుకొన్నది మొట్టమొదట దొంగతనపు కేసులలోనే.

తెర మీద క్షణములో జరిగిపోవు ఆ పనిలో ఎన్ని మెట్లు దాగియున్నవో చూతము. వ్రేలి కొనలయందలి గట్లపై చెమట రంధ్రములుండును. ఆ చెమటయు, ముఖమును తలను తాకినప్పుడు అంటిన జిడ్డును కలసి, తాకిన వస్తువుపై గట్ల ఆకృతిని విడిచిపెట్టును. నున్నని అద్దము, లోహము వంటి వానిపై పొడి ఆ తడికి అంటుకొని ముద్రను చూపును. కాగితము చెమటను లోపలికి పీల్చుకొనును గనుక అచ్చట నిన్‌హైడ్రిన్ వంటి రసాయనము వాడుదురు. అది చెమటలోని అమినో ఆమ్లములతో కలసి ఊదారంగు నిచ్చును. ముద్ర దొరకుట ఇంతవరకు. అది ఎవరిదో తెలియుట వేరు విషయము. దానికి ముందుగా లక్షలాది ముద్రలు ఒక క్రమములో పేర్చి ఉంచబడవలెను.

ఆ క్రమమును కనిపెట్టినది మన దేశముననే. 1897లో కలకత్తాలో ప్రపంచమునందే మొదటి వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది. బెంగాల్ పోలీసు అధిపతి ఎడ్వర్డ్ హెన్రీ పేరిట ఆ పద్ధతి లోకమున చెల్లుచున్నది. కాని దాని లెక్క కట్టినవాడు ఖులనా ప్రాంతమువాడు, ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన ఖాజీ అజీజుల్ హక్ అను సబ్ ఇన్‌స్పెక్టరు. అతనికి తోడుగా పనిచేసిన హేమచంద్ర బోస్ ముద్రల వివరములను తంతి ద్వారా పంపుటకు సంకేతభాషను కల్పించెను.

హక్ లెక్క మిక్కిలి అందమైనది. మన పెద్దలు పిల్లల వ్రేళ్ళు పట్టి శంఖములెన్ని, చక్రములెన్ని అని లెక్కించెడివారు గదా, ఇచ్చటను మొదటి ప్రశ్న అదియే. పది వ్రేళ్ళను ఐదు జంటలుగా విభజింపవలెను. చక్రమున్న వ్రేలికి మొదటి జంటలో 16, తరువాత వరుసగా 8, 4, 2, 1 చొప్పున విలువ. చక్రము లేనిచో సున్న. ప్రతి జంటలో ఒక వ్రేలి విలువ పైసంఖ్యకు, రెండవదాని విలువ క్రిందిసంఖ్యకు చేరును. చివరకు రెండింటికిని ఒకటి కలిపినచో, పైన 1 నుండి 32 వరకు, క్రింద 1 నుండి 32 వరకు ఏదో ఒక సంఖ్య వచ్చును. 32ను 32చే గుణింపగా 1024. కావున 1024 అరలు గల బీరువా ఉన్నచో, ఎవని ముద్రల పత్రము ఏ అరలో ఉండునో లెక్క వేసి చెప్పవచ్చును. ఈ పనిలో తన సిబ్బందిలో మిక్కిలి తోడ్పడినవాడు హక్ అని తదనంతరము హెన్రీయే అంగీకరించెను. 1913లో హక్‌కు ఖాన్ సాహెబ్ బిరుదము లభించినది.

అయితే ఈ లెక్కకు పది వ్రేళ్ళును కావలెను. దొంగ విడిచిపోవునది ఒక్క బొటనవ్రేలి గురుతు! ఆట దాచిపెట్టు కష్టమిదియే. 1902 జూన్ నెలలో లండనులోని డెన్మార్క్ హిల్ ప్రాంతమున ఒక ఇంట కన్నము పడి బిలియర్డు బంతులు పోయినవి. అప్పుడే రంగు వేసిన కిటికీ గట్టుపై బొటనవ్రేలి ముద్ర కనబడెను. స్కాట్లండ్ యార్డుకు చెందిన కాలిన్స్ దానిని ఛాయాచిత్రము తీసి, పాత నేరస్థుల పత్రములను చేతితో వెదకి, హ్యారీ జాక్సన్ అనువాని ఎడమ బొటనవ్రేలితో సరిపోయినదని తేల్చెను. ఆ సెప్టెంబరులో ఓల్డ్ బెయిలీ న్యాయస్థానము జాక్సనుకు ఏడేండ్ల శిక్ష విధించినది. వ్రేలిముద్ర ఆధారముగా బ్రిటనులో పడిన తొలి శిక్షలలో ఇది ప్రసిద్ధమైనది.

ఇచ్చట గమనింపదగినది ముద్ర మాత్రమే కాదు, ఆ పచ్చి రంగు. ముద్ర ‘ఇతడు దీనిని తాకెను’ అని మాత్రమే చెప్పును. ఎప్పుడు తాకెనో, ఎందులకు తాకెనో చెప్పదు. రంగు ఆరకమునుపు తాకెనని పచ్చి రంగు చెప్పినది. వెనుకటి వారము పనికి వచ్చినప్పుడు తాకితినను మాట చెల్లదు.

దీనికి నాలుగేండ్లు ముందుగనే మన దేశమున ఇంతకన్న జటిలమైన కేసు నడచినది. 1897లో బెంగాలులోని జల్పాయిగురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరు హత్య చేయబడెను. ఆయన కాగితముల పెట్టె కొల్లగొట్టబడినది. అందులో ఒక బెంగాలీ పంచాంగముపై రక్తపు మరకలు రెండు కలవు. వానిలో ఒకటి కాంగాళీ చరణ్ అను మాజీ నౌకరు కుడి బొటనవ్రేలి ముద్రతో సరిపోయినది. అతడు అంతకుముందు దొంగతనమునకు శిక్షపడినవాడగుటచే అతని ముద్ర కార్యాలయమున కలదు. 1898లో విచారణ జరిగి, దొంగతనము రుజువైనదనియు, హత్య రుజువు కాలేదనియు తీర్పు వచ్చెను. పెట్టెలో చేయి పెట్టినాడనుటకు పంచాంగము సాక్షి. కత్తి పట్టినాడనుటకు సాక్షి లేడు. మా దృష్టిలో ఆ తీర్పు వ్రేలిముద్ర బలమును ఎంత చూపినదో, దాని హద్దును అంతే చూపినది. 1899లో సాక్ష్య చట్టమును సవరించి వ్రేలిముద్రల నిపుణుని అభిప్రాయమును అంగీకరించిరి. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోని 39వ సెక్షనులోను అది ‘అభిప్రాయము’గనే ఉన్నది.

ఇక కంప్యూటరు సంగతి. ఆటలో అది ఒక్క పేరు చెప్పును. నిజమైన యంత్రము పోలికగల ముద్రల జాబితా నిచ్చును. తేల్చవలసినవాడు మనుష్యుడు. ఆటలో తప్పు మనిషిని పట్టినచో మరల మొదటినుండి ఆడవచ్చును. 2004 మార్చి 11న స్పెయిను రాజధాని మాడ్రిడ్‌లో రైళ్ళయందు బాంబులు ప్రేలినవి. పేలుడు గొట్టములున్న సంచిపై దొరికిన ముద్రను అమెరికా ఎఫ్.బి.ఐ. సంస్థ తన యంత్రమునకు అందింపగా అది ఇరువది ముద్రల జాబితా నిచ్చినది. నాలుగవ స్థానమున ఆరెగాన్ రాష్ట్రపు న్యాయవాది బ్రాండన్ మేఫీల్డ్ ముద్ర కలదు. ఆయన ఇస్లాము స్వీకరించినవాడు. ముగ్గురు ఎఫ్.బి.ఐ. నిపుణులు ఇది ఆయనదే అనిరి. న్యాయస్థానము నియమించిన నిపుణుడును అవుననెను. స్పెయిను పోలీసులు మొదటినుండియు సందేహించుచునే ఉండిరి. మే నెలలో ఆయన నిర్బంధింపబడెను. కొలది దినములకే ఆ ముద్ర ఒక అల్జీరియా దేశస్థునిదని స్పెయిను పోలీసులు ప్రకటించిరి. మేఫీల్డ్‌ను విడిచిపెట్టి ఎఫ్.బి.ఐ. క్షమాపణ చెప్పినది. మొదట ముద్రను పోల్చినప్పుడు ఆయన మతము వారికి తెలియదు. తెలిసిన పిమ్మట తమ నిర్ణయమును తిరిగి పరిశీలించుటలో నిపుణులు చూపిన అలసత్వమునకు అది కొంత కారణమై ఉండునని అమెరికా న్యాయశాఖ తనిఖీ అధికారి 2006లో నివేదించెను. ఆ సంవత్సరమే ప్రభుత్వము మేఫీల్డ్‌కు ఇరువది లక్షల డాలర్లు పరిహారము చెల్లించుటకు ఒప్పుకొన్నది.