ఆలేటి సీమ పాత యంగడి: లోపలి యమరిక

పాత యంగడి నొకదానిని తిరిగి యమర్పఁబూనువారు తొలుత సరకుల పట్టికను వ్రాయుదురు. అది యవసరమే కాని చాలదు. సరకు పేరు తెలిసినంతమాత్రమున అది యే మూల నుండెనో తెలియదు. శ్రీనాథుఁడు హరవిలాసమున అవచి తిప్పయసెట్టి తెప్పించిన కర్పూరమును, సింహళపు టేనుఁగులను, హురుమంజి గుఱ్ఱములను పేర్కొనెను; సెట్టి కూర్చుండిన చోటు మాత్రము ఆ పట్టికవలన తెలియరాదు.

శాసనములు కొంత దారి చూపును. ఆలేటి సీమను సైత మేలిన కాకతీయ గణపతిదేవుఁడు శా. శ. 1166 (క్రీ. శ. 1244-45)లో సముద్రతీరమున మోటుపల్లియందు వర్తకులకు అభయశాసన మొసఁగెను. అందు సుంకము చందనమునకు తూనికపై, పోఁకలకు లక్ష లెక్కపై, ముత్యములకు వెలపై విధింపఁబడినది. అనఁగా తూఁచునవి, లెక్కించునవి, వెలకట్టునవి వేఱువేఱు. ధాన్యమును నూనెను గూడ తలఁచినచో కొలుచునవి నాలుగవ తెగ. అంగడి యమరికకు మూల మీ విభాగమే యనుట యుక్తము.

ఆలేటి వంటి యూరి కోమటి దుకాణమున దీని నన్వయించి చూడవచ్చును. సెట్టి గద్దెపై కూర్చుండును; గల్లాపెట్టె చేతి క్రిందనే యుండును. అందు నిజాము కాలపు హాలీ సిక్కా లుండవలయును. త్రాసు దూలమునుండి వ్రేలాడును. బెల్లము, చింతపండు, పసుపు దాని చెంత నుండును. ధాన్యపు గంపలు ముందఱ నుండవలయును. కొలుచునపుడు పొరలిన గింజలు మరల గంపలోనే పడవలయును గదా! జాజికాయ, ఏలకులు, కర్పూరము చిన్న పెట్టెలలో సెట్టి వెనుక నుండును. 1886లో ఇనుపదారి సికింద్రాబాదునుండి ఓరుగంటికి సాగిన పిమ్మటి దుకాణమైనచో గ్యాసునూనె డబ్బాకును చోటు చూపవలయును. వాసనచే అది తినెడి సరకులకు దూరముగ నుండక తప్పదు.

కొలపాత్రలయందే యెక్కువ జాగరూకత వలయును. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము. పేళ్లొకటే యైనను పరిమాణము సీమసీమకు మాఱును; అంచుకు సరిగ చేతితో కొట్టి కొలుచుట వేఱు, కుప్పగఁ బోసి కొలుచుట వేఱు. 1956 నాఁటి తూనికల చట్టముతో దశాంశమాన మేర్పడఁగా నివి క్రమముగ వాడుక తప్పినవి. పాఠశాలలో తవ్వ యనఁగా "ఒక కొలత" అని చెప్పి ముందుకు సాగుదురు. ఆ యర్థముతో పాత చిట్టాను చదువలేము. గింజలరూపమునఁ బుచ్చుకొన్న కూలి యొక కుటుంబమున కెన్నిపూఁటలకు వచ్చెనో లెక్కింపలేము.

కావున పాత్రలకు మెఱుఁగు పెట్టి వరుసగ నిలుపుటకు ముందే ప్రతిదానిని నీటితో నింపి, ఆ నీటిని తూఁచి, పాత్ర దొరకిన యూరి పేరుతో వ్రాసికొనవలయును. అడుగు ఎత్తుగ మలఁచిన దొంగకొలత దొరకినచో దానిని సరిచేయరాదు. అదే యూరి మంచి తవ్వ ప్రక్కనుంచి, నీరెంత తగ్గెనో యదియుఁ గూడ వ్రాయవలయును.