తెగితే అతకండి

నరసన్నపేట చర్చిలో ప్రతి ఆదివారం తడబడకుండా ప్రసంగించే నేను, ఆ మధ్య మన జిల్లాలోని పొందూరులో రాట్నం ముందు కూర్చుని చిన్నపిల్లాడినయ్యాను. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, వంద కౌంటు సన్ననూలు వడికే ఊరది. కుడిచేత్తో చక్రం తిప్పితే ఎడమచెయ్యి ఆగిపోయేది. ఎడమచేత్తో లాగితే దారం తెగేది. చుట్టూ నవ్వులు. సిగ్గుతో లేవబోతుంటే, నేర్పుతున్న పెద్దావిడ అంది: ‘‘తెగితే ఏటైపోనాది అయ్యగారూ? అతికీండి’’. ఆ పూటంతా అతుకుతూ కూర్చుంటే వచ్చింది మూడు మూరల ముతక నూలు.

1909లో ‘హింద్ స్వరాజ్’ రాసేనాటికి రాట్నాన్ని చూసిన గుర్తే లేదని గాంధీజీ ఆత్మకథలో ఒప్పుకున్నారు. యాభై ఏళ్లు దగ్గరపడ్డాకే ఆయన వడకడం నేర్చారు.

మోషే ఐగుప్తీయుల సకల విద్యలూ నేర్చినవాడు (అపొ.కా. 7:22). అయినా నలభై ఏళ్లు దాటాక మిద్యానులో మామ మందను మేపాడు (నిర్గమ 3:1). గొర్రెలను అదిలించడం రాజభవనంలో ఎవరు నేర్పుతారు? అరణ్యంలో ఓనమాలు దిద్దుకున్న ఆ చేతులకే దేవుడు తరువాత తన ప్రజలను అప్పగించాడు.

ఎవరు గొప్పని శిష్యులడిగితే యేసుప్రభువు ఒక చిన్నబిడ్డను మధ్యలో నిలబెట్టాడు (మత్తయి 18:1–4). నడక నేర్చే బిడ్డ పడినందుకు సిగ్గుపడదు. లేచి మళ్లీ అడుగేస్తుంది. పరువు అడ్డొచ్చేది పెద్దవాళ్లకే. ప్రార్థించడం, క్షమించడం కూడా వడకడం లాంటివే. తెగుతూ, అతుకుతూనే చేతికొస్తాయి.

ఈ వారం మీ చేతిలో ఏ దారం తెగింది? లేచిపోకండి. అతకండి.