వినికిడి యంత్రం అందింది సరే, చెవికి అమరిందా?

న్యూఢిల్లీ: శిబిరం పెట్టి, అర్జీలు తీసుకుని, వేదికపై పేర్లు పిలిచి వినికిడి యంత్రాలు పంచడం దేశంలో దశాబ్దాలుగా సాగుతున్న కార్యక్రమమే. అయితే అలా అందిన యంత్రం ఆరు నెలల తర్వాత చెవికి ఉందా, బీరువాలో ఉందా అని అడిగేవారు అరుదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం దేశంలో చెప్పుకోదగిన వినికిడి లోపంతో బాధపడుతున్నవారు సుమారు 6.3 కోట్ల మంది. ఈ అంచనాను ఉటంకించిన జాతీయ బధిరత్వ నివారణ, నియంత్రణ కార్యక్రమం 2006-07లో 25 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా ప్రారంభమైంది. వికలాంగులకు ఉపకరణాలు సమకూర్చే కేంద్ర పథకం 1981 నుంచే అమలులో ఉంది. 1972లో కాన్పూర్‌లో ఏర్పాటైన కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ అలింకో యంత్రాలను సరఫరా చేస్తోంది. లోటంతా పరీక్ష దగ్గర, అమరిక దగ్గర కనిపిస్తోంది.

కాలా? పాలా?

చెవుడంటే శబ్దం తగ్గిపోవడమేనన్న అభిప్రాయం సర్వత్రా ఉంది. కాని చాలామంది వృద్ధుల్లో ముందుగా దెబ్బతినేది హెచ్చు పౌనఃపున్యాల వినికిడి. అచ్చులు బాగానే వినిపిస్తాయి, హల్లులు జారిపోతాయి. ఎదుటివారు 'కాలు' అన్నారో 'పాలు' అన్నారో తేలదు. ఇంట్లోవారు గొంతు పెంచి అరుస్తారు. అరుపుతో పెరిగేది ప్రధానంగా అచ్చుల బలమే కనుక ఫలితం స్వల్పం, మనస్తాపం అధికం.

అందుకే నిశ్శబ్దపు గదిలో కూర్చోబెట్టి 250 నుంచి 8,000 హెర్ట్జ్ వరకు ఒక్కొక్క స్వరాన్ని ఒక్కొక్క చెవికి విడివిడిగా వినిపిస్తారు. ఎంత సన్నని శబ్దం వినగలిగారో గుర్తిస్తూ గీసే పటమే ఆడియోగ్రామ్. చెవి వెనుక ఎముకపై కంపన సాధనం ఉంచి మరోసారి పరీక్షిస్తారు. ఎముక ద్వారా బాగా వినిపించి గాలి ద్వారా వినిపించకపోతే లోపం సాధారణంగా బయటి చెవిలోనో, మధ్య చెవిలోనో ఉన్నట్టు. అది గులిమి కావచ్చు, చీము కావచ్చు. వీటికి ముందు కావలసింది వైద్యం. చీము కారే చెవిని అచ్చుతో మూసివేస్తే మేలుకంటే కీడే ఎక్కువ. పసిబిడ్డలు జవాబు చెప్పలేరు గనుక, నిద్రపుచ్చి తలపై ఎలక్ట్రోడ్లు అతికించి శ్రవణనాడి స్పందనను కొలిచే బెరా పరీక్ష చేస్తారు.

చట్టం లెక్క వేరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ లోపం ఉంటే బధిరులు, 60 నుంచి 70 వరకు ఉంటే వినికిడి మందగించినవారు. ఒక చెవి పూర్తిగా పోయినా రెండోది బాగుంటే ఈ నిర్వచనంలోకి రారు.

అచ్చుతోనే చిక్కు

చెవి వెనుక తగిలించే యంత్రానికి ఆ చెవి కొలతతో తీసిన అచ్చు బిగువుగా ఉండాలి. వదులైతే శబ్దం బయటికి పొక్కి యంత్రం కీచుమంటుంది. పెద్దల అచ్చు కొన్నేళ్లు పనికొస్తుంది. ఎదిగే పిల్లలకు కొన్ని నెలలకే బిగువు తప్పుతుంది. కేంద్ర పథకం కింద ఒకసారి సాయం పొందినవారు మళ్లీ పొందాలంటే మూడేళ్లు, 12 ఏళ్లలోపు పిల్లలైతే ఏడాది ఆగాలన్నది నిబంధన. ఆ ఏడాదిలోగా కొత్త అచ్చు కోసం తల్లిదండ్రులు పట్టణం ఎన్నిసార్లు రావాలో, వస్తే ఎన్ని రోజుల కూలి పోతుందో పథకం లెక్కలకు అందని విషయం.

డిజిటల్ యంత్రాన్ని కంప్యూటర్‌కు కలిపి ఆడియోగ్రామ్‌కు తగినట్టు సరిచేయాలి. అదీ ఒక్కసారితో ముగియదు. ఏళ్ల తరబడి నిశ్శబ్దానికి అలవాటుపడినవారికి తొలి వారాల్లో పళ్లెం చప్పుడు, ఫ్యాను హోరు భరించరానివిగా తోస్తాయి. రెండు మూడు సార్లు పిలిపించి సవరించేవారు లేకపోతే యంత్రం మూలపడుతుంది.

జీఎస్టీ నుంచి వినికిడి యంత్రాలకు మినహాయింపు ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నింటినీ ఔషధాల నిర్వచనంలోకి తెచ్చినందున, గరిష్ఠ చిల్లర ధరను ఏడాదికి 10 శాతానికి మించి పెంచరాదు. అయినా ప్రైవేటు దుకాణాల్లో యంత్రం ఖరీదు, అమరిక రుసుము కలిపి ఒకే ధరగా చెప్పడం పరిపాటి. దేనికెంత చెల్లిస్తున్నదీ కొనేవారికి తెలియదు. పరీక్ష జరిపే వ్యక్తికి 1992 నాటి చట్టం కింద భారత పునరావాస మండలి నమోదు ఉందో లేదో అడిగి తెలుసుకునే హక్కు మాత్రం కొనుగోలుదారుకు ఉంది.

మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో, ముంబైలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ 1983లో ఏర్పడ్డాయి. రెండో సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉండడం తెలుగువారికి ఉన్న సౌకర్యం.

ఇక బ్యాటరీ. ఇందులో వాడే చిన్న జింక్ బిళ్లపై కాగితం ఊడదీయగానే గాలి సోకి శక్తి తరగడం మొదలవుతుంది, యంత్రం వాడినా వాడకపోయినా. పొదుపు చేద్దామని పండుగకో, పెళ్లికో మాత్రమే యంత్రం పెట్టుకునే పెద్దలకు ఈ సంగతి ఎవరో ఒకరు ముందే చెప్పాలి.