కళ్లకలక చూపుతో అంటదు!

2023 వానాకాలం. బళ్లో అంటించుకొచ్చిన మా బాబుకి కళ్లకలక. "వాడి కళ్లలోకి చూడకండర్రా, అంటుకుంటుంది" అని మా అత్తగారు వాడికి నల్లద్దాలు పెట్టారు. అయినా వారం తిరక్కుండా ఇంటిల్లిపాదికీ వచ్చేసింది. అందరం మొహం తుడుచుకున్నది ఒక్క తువ్వాలుతోనే మరి!

కన్ను ఎర్రబడి, ఇసుక పడ్డట్టు గరగరలాడుతూ, నీరు కారుతూ, పొద్దున్నే రెప్పలు అతుక్కుపోతుంటే అనుమానించాల్సిందే. ఎక్కువగా వైరస్ వల్ల వచ్చే ఈ జబ్బు చేతులు, తువ్వాళ్లు, దిండు గలీబులు, కాటుక డబ్బాలతో పాకుతుంది. అవన్నీ వేరుచేయండి. సబ్బుతో తరచూ చేతులు కడుక్కోండి. చల్లటి తడిగుడ్డ హాయినిస్తుంది. చనుబాలు, ఆకుపసర్లు కంట్లో పోయకండి. పక్కింటివాళ్ల చుక్కలమందు వాడకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే కంటికే ముప్పు. సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. నొప్పి ఎక్కువైనా, చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, పసికందుకి వచ్చినా వెంటనే కంటి డాక్టరుకి చూపించండి.

మా అత్తగారిప్పుడు నల్లద్దాలు వెతకడం లేదు. మనిషికొక తువ్వాలు లెక్కపెడుతున్నారు!