టైగరు మేని గాయములు

యుద్ధమున దెబ్బతిన్న టాంకును ప్రదర్శనశాలయందు నిలుపునపుడు క్రొత్తదానివలె మెఱయింపవలెనా, గాయములతోనే యుంచవలెనా? ఇంగ్లండులోని బోవింగ్టన్ ప్రదర్శనశాలవారు 131 అంకెగల జర్మను టైగరు విషయమున చేసిన పని మాకు నచ్చినది.

1943 ఏప్రిలులో ట్యునీషియా పోరున ఆంగ్లేయుల గుండొకటి దాని ఫిరంగిగొట్టము క్రింద తగిలి, బురుజు తిరుగుచోట ఇఱుకుకొనెను. బురుజు కదలకపోగా లోని భటులు దానిని విడిచిపోయిరి. 1990లో దానిని ఇంచుమించు మరమరయు విడదీసి బాగుచేయ నారంభించిరి. దాని సొంత ఇంజనును, లోపలి భాగములు జనులకు చూపుటకై, మునుపే కోసివేసిరి! ప్రదర్శనకై చేసిన పనియే చేటయ్యెను. కావున అచ్చటి టైగరు-2 టాంకు ఇంజనును దీనికి బిగించిరి. నిప్పునార్పు నవీన సాధనమును చేర్చిరి. 2003లో ఇంజను నడచుచుండగా అది ప్రదర్శనశాలకు మరలెను. గుండ్ల మచ్చలు నేటికిని దాని మేన గలవు.

మనకును ఇట్టి విజయచిహ్నములున్నవి. 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ వద్ద మన సైనికులు చెఱకుతోటల మాటున పొంచి పాకిస్తాను ప్యాటన్ టాంకులను మట్టుపెట్టిరి. ఆ యుద్ధమున చిక్కిన ప్యాటన్లు పెక్కు నగరములలో ఎండకు వానకు నిలిచియున్నవి. పండుగకు గోడకు సున్నము కొట్టినట్లు వానికి రంగుపూయుట ఉద్ధరణ కాదు. రంగుకు ముందే గుండుదెబ్బలను గుర్తించి పటము వ్రాసియుంచవలెను. నీరు నిలుచు పల్లములలోని తుప్పును గీకవలెను. పోరిన దళము పేరును, తేదీని ఆ యూరివారి భాషలోనే ఫలకముపై చెక్కింపవలెను.