ఖర్జూర వృక్షం, మూడు నాణేలు: రోమన్ కంచు నాణేలపై సామ్రాజ్య చిత్రణ

రోమన్ సామ్రాజ్యంలో సామాన్యుల నిత్య వ్యవహారాలు ఎక్కువగా కంచు నాణేలతోనే సాగేవి. నాణేశాస్త్రంలో వీటిని కంచు నాణేలుగా వ్యవహరిస్తున్నప్పటికీ, వీటిలో పెద్దదైన సెస్టెర్షియస్‌ను ఇత్తడితో ముద్రించేవారు. నాలుగు సెస్టెర్షియస్‌లు ఒక వెండి డెనారియస్‌తో సమానం. దీని పరిమాణం పెద్దది కావడం వల్ల ముందువైపు చక్రవర్తి ముఖాన్ని, వెనుకవైపు ఒక పూర్తి దృశ్యాన్ని విపులంగా చిత్రించడానికి వీలుండేది. యూదయ ప్రాంతానికి గుర్తుగా నిలిచిన ఖర్జూర వృక్షం మూడు సందర్భాలలో ఎలాంటి అర్థాలను సంతరించుకుందో పరిశీలిస్తే ఈ చిత్రణ స్వభావం స్పష్టమవుతుంది.

మొదటిది వెస్పాసియన్ క్రీ.శ. 71లో ముద్రించిన సెస్టెర్షియస్. మధ్యలో ఖర్జూర వృక్షం, దాని కింద దుఃఖిస్తూ కూర్చున్న స్త్రీ, చుట్టూ ‘యూదయ వశమైంది’ అనే అర్థమిచ్చే లాటిన్ లేఖనం ఉంటాయి. యూదయ అప్పటికే రోమన్ పాలనలో ఉన్న ప్రాంతం. అక్కడ జరిగింది తిరుగుబాటు అణచివేత మాత్రమే. అంతర్యుద్ధం ద్వారా 69లో అధికారానికి వచ్చిన వెస్పాసియన్‌కు ఒక ఘనవిజయం అవసరమైంది. అందువల్ల అణచివేతను నాణెం జైత్రయాత్రగా చూపింది. క్రీ.శ. 70లో జెరూసలేం ఆలయం ధ్వంసమైన తరువాత, యూదులు ఆ ఆలయానికి చెల్లించే వార్షిక కానుకను రోమ్‌లోని జూపిటర్ ఆలయం పేర పన్నుగా మార్చారు. ఆ పన్ను విలువ రెండు డెనారియస్‌లు, అంటే ఎనిమిది సెస్టెర్షియస్‌లు.

రెండవది నెర్వా నాణెం. డొమిషియన్ కాలంలో ఈ పన్నును కఠినంగా వసూలు చేశారని స్యుటోనియస్ నమోదు చేశాడు. 96లో అధికారానికి వచ్చిన నెర్వా తన సెస్టెర్షియస్‌పై ఖర్జూర వృక్షాన్ని ఒంటరిగా నిలిపాడు. స్త్రీ లేదు, బందీ లేడు. ఈ పన్నుకు సంబంధించిన తప్పుడు అభియోగాలు తొలగిపోయాయని లేఖనం ప్రకటిస్తుంది. అయితే పన్ను మాత్రం కొనసాగింది.

మూడవది బార్ కోఖ్‌బా తిరుగుబాటు (132–135) నాటిది. తిరుగుబాటుదారులు చలామణిలో ఉన్న నాణేలపైనే తమ అచ్చులను మళ్లీ కొట్టారు. వారి కంచు నాణేలలో ఒక రకంపై ఏడు కొమ్మల ఖర్జూర వృక్షం కనిపిస్తుంది. జెరూసలేం స్వాతంత్ర్యాన్ని ప్రకటించే లేఖనాలు ప్రాచీన హీబ్రూ లిపిలో ఉన్నాయి. కొన్ని నాణేలపై కింది ముద్ర ఆనవాళ్లు నేటికీ గుర్తించవచ్చు.

పాలకుడు నిర్దేశించిన అర్థానికే చిహ్నం పరిమితం కాదని ఈ మూడు నాణేలు నిరూపిస్తున్నాయి. ఒకే వృక్షం పరాజయానికి, ఉపశమనానికి, స్వాతంత్ర్యానికి గుర్తయింది. కాబట్టి నాణేలను చారిత్రక ఆధారాలుగా స్వీకరించేటప్పుడు వాటిని ముద్రించినవారి ఉద్దేశంతో పాటు, వాటిని చేతబట్టినవారి స్పందనను కూడా పరిగణించవలసి ఉంటుంది.