వృద్ధాప్యంలో థైరాయిడ్ లోపం

థైరాయిడ్ గ్రంథి (అవటు గ్రంథి) మెడ ముందు భాగంలో, స్వరపేటికకు దిగువన ఉండే వినాళ గ్రంథి. ఇది తగినంత హార్మోనును స్రవించకపోవడాన్ని హైపోథైరాయిడిజం అంటారు. ఇది పురుషులలో కంటే స్త్రీలలో, అందునా 60 ఏళ్ళు పైబడినవారిలో ఎక్కువ.

లక్షణాలు

వృద్ధులలో ఈ వ్యాధిని పోల్చుకోవడం కష్టం. అలసట, మలబద్ధకం, చర్మం పొడిబారడం, మతిమరుపు, నిరుత్సాహం మొదలైనవాటిని ఇంటివారు వయసుకే ఆపాదిస్తారు. తల్లి వేసవిలో సైతం చలి అంటున్నా, ఆమె గొంతు బొంగురుపోయినా, ముఖం ఉబ్బినా, కొద్ది నెలలలోనే మాట, నడక మందగించినా అది కేవలం ముసలితనం కాకపోవచ్చు. గ్రంథి అతిగా పనిచేసినా వృద్ధులలో వణుకు, ఆందోళన లేకుండా బరువు తగ్గడం, గుండె లయ తప్పడం మాత్రమే కనిపించవచ్చు.

నిర్ధారణ, చికిత్స

టి.ఎస్.హెచ్. అనే రక్తపరీక్షతో లోపం బయటపడుతుంది. వయసుతో పాటు దీని విలువ కొంత పెరగడం సహజం కనుక, స్వల్పంగా పెరిగినంతనే మందు మొదలుపెట్టక, కొన్ని వారాల తరువాత మళ్ళీ పరీక్షిస్తారు. లోపం నిజమైతే లెవోథైరాక్సిన్ మాత్రను పరగడుపున ఇస్తారు. కాల్షియం, ఐరన్ మాత్రలు దీని శోషణను అడ్డుకుంటాయి. వాటిని 4 గంటల ఎడంతో వేసుకోవాలి. గుండెపై భారం పడకుండా వృద్ధులకు తక్కువ మోతాదుతో ప్రారంభించి, క్రమంగా పెంచుతారు.

1891లో ఆంగ్ల వైద్యుడు జార్జ్ ముర్రే ఈ లోపమున్న 46 ఏళ్ళ స్త్రీకి గొర్రె థైరాయిడ్ సారాన్ని సూదిమందుగా ఇచ్చాడు. ఆమె మరో 28 ఏళ్ళు జీవించింది.